కప్పల తక్కెడలో ఎల్ఫులు

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి పాచికలు వేస్తూ, ఊహాలోకంలో తలా ఒక పాత్రగా కథ నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను 1974లో బయటకు తెచ్చినప్పటి నుంచి దాని నియమాలు రాసేవారిని ఒకే చింత పట్టి పీడిస్తున్నది. చీకట్లో చూడగలిగి, నిద్రపుచ్చే మాయకు లొంగక, వందల ఏళ్లు బతికే ఎల్ఫ్ జాతి అందుబాటులో ఉండగా, ఏ ప్రత్యేకతా లేని మనిషిగా ఆడడానికి బుద్ధి ఉన్నవాడెవడు ముందుకొస్తాడు? ఇంజినీరింగ్ చదువుతూ, శనివారం రాత్రులు మా ఇంట్లో ఆటను నడిపించే డంజియన్ మాస్టర్‌గా వ్యవహరించే మా అమ్మాయికి ఈ మధ్య ఆ చింతే సంక్రమించింది.

ఆమె ఆడించేది 2014 నాటి అయిదో ఎడిషన్. అందులో నేను మనిషిని, మా ఆవిడ గడ్డాల పొట్టి జాతి డ్వార్ఫులలో పుట్టిన క్లెరిక్, అంటే దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి, పై అంతస్తులో ఉండే రైల్వే విశ్రాంత ఉద్యోగి కత్తి పట్టిన మరుగుజ్జు హాఫ్లింగ్ యోధుడు. మా తోడల్లుడు ఏ జాతివాడో మాత్రం ఆట మొదలయ్యే దాకా ఎవరికీ తెలియదు. ఆయన వృత్తిరీత్యా ఆదాయపు పన్ను సలహాదారు. ఏ నియమం చేతికిచ్చినా ముందు దాని మినహాయింపులు చదివి, ఆ తర్వాత తీరిక ఉంటే అసలు నియమం చదువుతారు.

ఆయన తొలి అవతారం ఆరకోక్రా అనే పక్షిజాతి విలుకాడు. ఒకటో స్థాయిలోనే, ఒక్కో వంతుకు 50 అడుగులు ఎగరగల వేగం ఆ జాతి సొత్తు. మా అమ్మాయి రెండు రాత్రులు కూర్చుని గీసిన బోను గోతిలో మేము ముగ్గురం యథావిధిగా పడగా, ఆయన పైన ఎగురుతూ, కింద ఉన్న మాకు గోతి లోతు ఎంత ఉందో వివరించారు. మరుసటి వారానికి ప్రపంచంలోని గుహలన్నింటికీ కప్పు ఎత్తు ఆరడుగులకు తగ్గిపోయింది.

రెక్కలు పోతేనేం, మల్టీక్లాసింగ్ ఉంది. క్లాస్ అంటే పాత్ర చేపట్టే వృత్తి; మల్టీక్లాసింగ్ అంటే ఒకే పాత్ర కొన్ని స్థాయిలు ఒక క్లాస్‌లో, మరికొన్ని వేరొక క్లాస్‌లో ఎదగడం. దానికి అర్హతగా ఆ రెండు క్లాసులకూ కావలసిన ప్రధాన సామర్థ్యాలు కనీసం 13 ఉండాలి. మంత్రగాళ్ల క్లాసులైన వార్లాక్‌కూ సోర్సరర్‌కూ కావలసింది ఒకే సామర్థ్యం, కరిస్మా, అంటే ఆకర్షణ శక్తి. మనిషికీ ఎల్ఫ్‌కూ పుట్టిన హాఫ్-ఎల్ఫ్‌కు పుట్టుకతోనే అందులో 2 కలుస్తుంది. వార్లాక్ మంత్రశక్తి గంటసేపు విశ్రాంతి తీసుకుంటే చాలు తిరిగి వస్తుంది. సోర్సరర్ ఆ శక్తిని పాయింట్లుగా మార్చి, ఆ పాయింట్లతో కొత్త మంత్రశక్తిని చేసుకోగలడు. ఇలా కూడబెట్టినదంతా రాత్రంతా పడుకుంటే పోతుంది కనుక, అతడు అసలు పడుకోడు. ఆటగాళ్లు ఈ జీవికి కాఫీలాక్ అని పేరు పెట్టారు. మా తోడల్లుడి రెండో అవతారం అదే.

మేము ముగ్గురం గుడారంలో పడుకోగా, మా తోడల్లుడు గంటకోసారి సేదదీరుతూ తెల్లవారేసరికి ఒక చిన్న సైన్యానికి సరిపడా మంత్రాలు నిల్వ చేశారు. ఇటువంటివారి కోసమే 2017లో వచ్చిన అనుబంధ గ్రంథంలో ఒక నియమం చేర్చారు. 24 గంటలు పూర్తి విశ్రాంతి లేకపోతే పాచిక వేసి గట్టెక్కాలి, లేదా అలసట ఒక మెట్టు పెరుగుతుంది. ఆరో మెట్టు మరణం. మా అమ్మాయి దానిని విజయగర్వంతో చదివి వినిపించింది.

"అందుకేనమ్మా నేను కంగారు పడనిది," అన్నారాయన. "వదినగారు తొమ్మిదో స్థాయి క్లెరిక్ కదా, ఒక్క మంత్రంతో అలసట తీసేస్తారు."

"ఆ మంత్రానికి ప్రతిసారీ 100 బంగారు నాణేల విలువైన వజ్రాల పొడి ఖర్చవుతుంది మరిదిగారూ," అంది మా ఆవిడ. "మీరు పడుకోనందుకు నా వజ్రాలెందుకు కరగాలి?"

ఆ రాత్రి మిగిలిన కాలమంతా ఆ పొడి ఎవరి ఖాతాలో రాయాలన్న చర్చతో గడిచింది. డ్రాగన్ ఉన్న చోటే ఉంది.

దాంతో మా అమ్మాయి పాత గ్రంథాలు తీసింది. 1978 నాటి నియమాల ప్రకారం మనుషులు తప్ప తక్కిన జాతులవారు చాలా క్లాసుల్లో ఒక స్థాయి దాటి ఎదగరాదు. హాఫ్లింగ్ యోధుడు ఎంత బలశాలి అయినా ఆరో స్థాయితో సరిపెట్టుకోవాలి. 2000 నాటి మూడో ఎడిషన్ ప్రకారం రెండు క్లాసుల స్థాయిల మధ్య ఒకటికి మించి తేడా ఉంటే అనుభవ పాయింట్లలో 20 శాతం కోత పడుతుంది. ఈ రెండింటినీ కలిపి ఆమె ఒక శాసనం చేసి, అందరూ మళ్లీ ఒకటో స్థాయి నుంచి మొదలుపెట్టాలని ప్రకటించింది.

మా పై అంతస్తు పెద్దాయన ముఖం చిన్నబోయింది. "ప్రమోషన్ ఆగిపోవడం సర్వీసులోనే చూశాను తల్లీ, రిటైరయ్యాక కూడా ఎందుకు?" అని ఆయన మనిషి అయిపోయారు. మూడో ఎడిషన్‌లో మనుషులకు అన్నింటికంటే ఎక్కువ స్థాయి ఉన్న క్లాస్ ఆ కోత లెక్కలోకి రాదన్న మినహాయింపును మా తోడల్లుడు అప్పటికే కనిపెట్టారు కనుక ఆయనా మనిషే అయ్యారు. మా ఆవిడ గడ్డం తీసేసి మనిషి అయింది. మహిమాన్వితమైన ఆ లోకంలో చివరికి మిగిలింది నలుగురు మనుషులు. ఇది చూసి నొచ్చుకున్న మా అమ్మాయి మనుషుల రాయితీలు తగ్గించగానే అందరూ ఒక్కసారిగా ఎల్ఫులయ్యారు. ఎల్ఫులకు కోత పెట్టగానే డ్వార్ఫులయ్యారు. జాతుల సమతూకం అచ్చంగా కప్పల తక్కెడ. నేను ఒక్కడినే మొదటి నుంచీ మనిషిగా ఉన్నాను, కానీ ఎవరూ దానిని సమస్యగా గుర్తించలేదు.

ఎట్టకేలకు శాసనం రద్దయి, అందరూ పాత జాతులకు తిరిగి వెళ్లాక, కోట ద్వారం దగ్గర కాపలా ఉన్న ఒక బక్క గోబ్లిన్‌తో ఆట మొదలైంది. పెద్దాయన కత్తి దూశారు. గోబ్లిన్ దెబ్బ తప్పించుకుని, తన వంతులో ఎదురు దెబ్బ వేసి, అదే వంతులో రాతి చాటున దాక్కుంది.

"అదెలా?" అన్నారు మా తోడల్లుడు. "దాడి చేసే వంతులోనే దాక్కోవడమంటే దొంగల క్లాస్ రోగ్‌కు రెండో స్థాయిలో వచ్చే విద్య కదా?"

"గోబ్లిన్‌లకు అది పుట్టుకతోనే వస్తుంది బాబాయ్," అంది మా అమ్మాయి, అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది.

"అంటే రోగ్‌లో రెండు స్థాయిలు వృథా చేయనక్కరలేదన్న మాట," అంటూ ఆయన తన పాత్ర కాగితాన్ని నిలువునా చించి, కొత్త కాగితం అడిగారు. కోట ద్వారానికి మా అమ్మాయి ఇంకో కాపలావాడిని వెతుక్కోవలసి వచ్చింది.