కల్పాక్కం అబ్బాయి, అమ్మమ్మ ప్రశ్న

నిరుడు చెన్నైలో మా బంధువుల ఇంట ఒక సంబంధం తాంబూలాల దాకా వచ్చి తప్పిపోయింది. అబ్బాయికి కల్పాక్కం అణు కేంద్రంలో ఉద్యోగం. చొక్కా జేబుకు తగిలించుకునే చిన్న బ్యాడ్జి ఫొటో చూపించి, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను అదే లెక్కగడుతుందని ఓపికగా చెప్పాడు. పిల్ల అమ్మమ్మ వినలేదు. ‘రేపు పుట్టే పిల్లలకు ఏమైనా అయితే?’

ప్రశ్న వెర్రిదేమీ కాదు. ఎక్స్‌రే కిరణాలు సోకిన పండ్ల ఈగల సంతానంలో జన్యువులు మారతాయని అమెరికా శాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ 1927లోనే చూపించాడు. ఎలుకల్లోనూ అదే తేలింది. చిత్రంగా, మనుషుల దగ్గరే ఆ జాడ దొరకడం లేదు. హిరోషిమా, నాగసాకి నగరాల్లో బాంబుల తర్వాత పుట్టిన 70 వేలమందికి పైగా శిశువులను పరిశీలించారు. తల్లిదండ్రులకు సోకిన రేడియేషన్ వల్లే పుట్టుకలోపాలు పెరిగాయని తేల్చిచెప్పగల తేడా కనబడలేదు. అణు విద్యుత్ కేంద్రం పేలిన చెర్నోబిల్ సంగతీ అంతే. అక్కడ రేడియేషన్‌కు గురైన వారికి 1987-2002 మధ్య పుట్టిన 130 మంది జన్యుక్రమాలను తల్లిదండ్రుల వాటితో పోల్చిన పరిశోధన 2021లో వెలువడింది. కొత్త జన్యు మార్పులు మామూలుకంటే ఎక్కువేమీ లేవు. అలాంటి మార్పులను నిజంగా పెంచేది తండ్రి వయసు. అమ్మమ్మగారు అబ్బాయి ఉద్యోగం వదిలేసి పుట్టినతేదీ అడిగి ఉంటే శాస్త్రానికి దగ్గరగా ఉండేది!

కనబడలేదు కాబట్టి లేనే లేదనను. చిన్న మోతాదు ప్రభావం అంత సులువుగా పట్టుబడదు. అందుకే మన దేశంలో అణు రంగ సిబ్బందికి అయిదేళ్లలో 100 మిల్లీసీవర్టులు (ఒంటికి సోకిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదన్న నిబంధన ఉంది. అయితే ఆధారాలు గట్టిగా ఉన్న ముప్పు వేరు. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో 3 లక్షలమందికి పైగా అణు కార్మికులను గమనిస్తే, మోతాదుతోపాటు క్యాన్సర్ మరణాలూ కొద్దిగా పెరిగాయి. అంటే భయపడాల్సింది మునిమనవల గురించి కాదు, కిరణాలు సోకిన మనిషి గురించే.

ఇదే అమ్మమ్మగారికి ఆరు నెలల్లో మూడుసార్లు పొట్టకు సీటీ స్కాన్ తీశారు. ఒక్కో స్కాన్‌కు ఇంచుమించు 8 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి మనిషికి సోకేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మాత్రమే. స్కాన్లు అవసరమై తీసినవే, వద్దనను. కానీ అబ్బాయి మోతాదుకు ఉద్యోగం పొడుగునా చిట్టా ఉంటుంది, రోగి మోతాదుకు అలాంటిదేదీ లేదు. బీరువాలోంచి ఆమె తీసిచ్చిన ఫిల్ముల సంచీ అంతా వెతికాను. పేరు, వయసు, తేదీ ఉన్నాయి. మోతాదు ఎక్కడా లేదు.