ఎఫ్‌సీఐపీ టన్నెల్ అనే పెళ్లిళ్ల పేరయ్య గారికి

అయ్యా,

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. దూరంగా ఉన్న రెండు స్టోరేజ్ నెట్‌వర్కులను మామూలు ఐపీ (ఇంటర్నెట్ తరహా) నెట్‌వర్క్ మీదుగా కలిపే తమరు ఒకే ఒక్క అబద్ధంతో కానిచ్చేశారు. హైదరాబాద్‌లో డేటా దాచే బాక్సులను కలిపే మా స్టోరేజ్ స్విచ్‌కీ, చెన్నైలోని డీఆర్ సైట్ (ఇక్కడ ఏదైనా విపత్తు వస్తే ఆదుకునే చోటు) స్విచ్‌కీ మధ్య 600 కిలోమీటర్ల పైచిలుకు దూరముంటే, "అబ్బే, పక్కపక్కనే, మధ్యలో ఒక్క కేబులే" అని రెండింటినీ నమ్మించారు.

ఇంతకీ మేమడిగిందేమిటి? ఇక్కడి డేటా కాపీ అక్కడికి చేరాలని. రెండు స్టోరేజ్ బాక్సులు మాట్లాడుకుంటే చాలు. తమరేమో ఉమ్మడి కాపురమే పెట్టించారు.

జాతకాలైనా చూశారా? మా స్టోరేజ్ స్విచ్‌లు మాట్లాడే ఫైబర్ ఛానల్ పద్ధతిగా పెరిగిన పిల్ల. అవతల బఫర్ (వచ్చిన డేటాను కాసేపు ఉంచే చోటు) ఖాళీ ఉందని కబురొస్తే తప్ప ఫ్రేమ్ (డేటా మూట) గడప దాటదు. ఐపీకి అలాంటి పట్టింపుల్లేవు, రద్దీ పెరిగితే ప్యాకెట్‌ను దారిలోనే వదిలేస్తుంది. పోయినవాటిని మళ్లీ మోయడానికి టీసీపీని కుదిర్చారు, సరే. 2004లోనే ఆర్‌ఎఫ్‌సీ 3821 అనే ప్రమాణ పత్రం పేరుతో లగ్నపత్రికా రాయించుకున్నారు. కానీ వెలుతురుకి ఏం నచ్చజెబుతారు? ఫైబర్‌లో అది కిలోమీటరుకి సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. చెన్నై వెళ్లి రావడానికే 6 మిల్లీసెకన్లు. మా డేటాబేస్ రాసే ప్రతి ముక్కకీ అంతసేపు ఎదురుచూడదు కాబట్టి, కాపీ కాస్త వెనకబడి నడిచినా ఫర్వాలేదని అసింక్రనస్‌కి తలూపాం.

ఇక ముహూర్తం నాటి రాత్రి. ఒక్కో స్విచ్‌ను గుర్తించే డొమైన్ ఐడీకి 1 నుంచి 239 దాకా నంబర్లున్నాయి. రెండు ఊళ్లలోనూ స్విచ్ పెట్టినవాళ్లు 1 వేశారు. (హైదరాబాద్‌లో వేసింది నేనే.) ఒకే డోర్ నంబరుతో రెండిళ్లు! లింకు "సెగ్మెంటెడ్" (విడిపోయాం) అని అలిగి కూర్చుంది. స్విచ్ ఆపి, నంబరు మార్చి, మళ్లీ కలిపితే ఈసారి జోన్ల (ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో చెప్పే జాబితాల) గొడవ. రెండు చోట్లా "బ్యాకప్ జోన్" అనే పేరే, లోపల సభ్యులు మాత్రం వేరు. మళ్లీ అలక. మూడు ముళ్లూ పడేసరికి తెల్లవారుజామున 4 అయింది. పెద్దరికం, అదే ప్రిన్సిపల్ స్విచ్ హోదా, చెన్నైకి దక్కింది.

నెల తిరక్కుండా ఎక్కడో జేసీబీ కేబుల్‌ను గీరింది. లింకు పడిపోతుంది, లేస్తుంది. పడ్డప్పుడల్లా పెద్ద కనబడక హైదరాబాద్‌లో కొత్త పెద్ద ఎన్నిక, లేచినప్పుడల్లా అందరూ కలిసి మరో ఎన్నిక. ఊళ్లో నడుస్తున్న ట్రాఫిక్ ఆగలేదు, నిజం చెప్పాలి. ఆగింది నా నిద్ర.

ఇళ్లు విడిగానే ఉంచి, కావలసిన రెండు బాక్సుల్నే అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించే మార్గముంది. ఎఫ్‌సీ రౌటింగ్ అంటారు. తమరికి తెలియనిదా! మా మేనేజర్‌గారికి చెబితే, "ఇప్పుడు పనిచేస్తోందిగా?" అన్నారు.

ఇట్లు,
పెళ్లికి సాక్షి సంతకం పెట్టిన స్టోరేజ్ అడ్మిన్

తా.క.: వచ్చే నెల ముంబై సైట్‌ను కూడా కలపాలట. అక్కడి డొమైన్ ఐడీ ముందే కనుక్కున్నాను. 1.