మేం చేశాం అనకూడదంట, నేను చేశాను అనాలంట

ఈమధ్య ఒక పెద్ద ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీలో ప్రొడక్ట్ మేనేజర్ పోస్టుకి ఇంటర్వ్యూలకి వెళ్ళొచ్చా. పేరు చెప్పను. రిక్రూటర్ కాల్ ఒకటి, ఫోన్ రౌండ్ ఒకటి, ఇంట్లో కూర్చుని రాసి పంపాల్సిన రెండు పేజీల అసైన్‌మెంట్ ఒకటి, ఆ తర్వాత ఒకే రోజు వరసపెట్టి ఐదు రౌండ్లు. సెలెక్ట్ కాలేదు. కాలేదు కాబట్టే ఈ ఏడుపు అనుకుంటారేమో, సగం నిజమే, మిగతా సగం మాత్రం వినండి.

ఐదింట్లో నాలుగు రౌండ్లు ఒకటే పాట. మీ మేనేజర్‌తో గొడవపడిన సందర్భం చెప్పండి, డేటా సరిగా లేకుండా నిర్ణయం తీసుకున్న సందర్భం చెప్పండి, ఫెయిలైన సందర్భం చెప్పండి. అది కూడా స్టార్ పద్ధతిలో చెప్పాలి, అంటే పరిస్థితేంటి, నీ పనేంటి, నువ్వేం చేశావు, ఏం జరిగింది, ఈ నాలుగు ముక్కలూ అదే ఆర్డర్‌లో రావాలి. ఈ తరహా ఇంటర్వ్యూకి బాగా పేరు తెచ్చింది అమెజాన్. వాళ్ళకి లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ అని 16 ఉన్నాయి (2021 వరకు 14 ఉండేవి, తర్వాత రెండు కలిపారు), ఒక్కో ఇంటర్వ్యూయర్ కొన్నిటిని పంచుకుని వాటి మీదే అడుగుతారు, పైగా ఆ టీమ్‌తో సంబంధం లేని బార్ రైజర్ అనే మనిషి ఒకరు ఉంటారు, ఆయన వద్దంటే ఇక అంతే. నేను వెళ్ళింది అక్కడికి కాదు, కానీ అక్కడి నుంచి అరువు తెచ్చుకున్న తంతే. ఐడియా చెడ్డదని నేననను, "ఇలా జరిగితే ఏం చేస్తావ్" అంటే ఎవడైనా శ్రీరామచంద్రుడిలా జవాబిస్తాడు, "జరిగినప్పుడు ఏం చేశావ్" అంటేనే కదా అసలు రంగు బయటపడేది.

కానీ నాకు ఎక్కడ చిక్కొచ్చిందంటే, ఆ "నేను" దగ్గర. మనకి పని గురించి చెప్పేటప్పుడు "చేశాం" అనే వస్తుంది నోటికి, "నేను చేశాను, నేనే చేశాను" అనేవాడిని చూస్తే వీడెవడ్రా డప్పు కొట్టుకుంటున్నాడు అనుకుంటాం. ఇక్కడ మూడోసారి "మేం లాంచ్ చేశాం" అన్నానో లేదో ఇంటర్వ్యూయర్ ఆపి, "మీ టీమ్ సంగతి సరే, మీరేం చేశారు?" అన్నాడు. ఏం చేశానబ్బా? అసలు ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగమే అది కదా, కోడ్ రాసేది ఇంజనీరు, స్క్రీన్ గీసేది డిజైనరు, డెలివరీ తేదీ నిలబెట్టేది గోడౌన్ వాళ్ళు, తిట్లు తినేది కస్టమర్ కేర్ వాళ్ళు, వీళ్ళలో ఒక్కరు కూడా నా కింద పనిచేయరు, మధ్యలో నేను అందరినీ బతిమాలి ఒక దారికి తెచ్చేవాణ్ణి, ఆ బతిమాలడాన్ని "నేను స్టేక్‌హోల్డర్లని అలైన్ చేశాను" అని చెప్తే మార్కులు పడతాయి, "పదిసార్లు వెళ్ళి కూర్చున్నా" అంటే పడవు.

ఇంకా ఒళ్ళు మండేది అంకెలతో. ఒక కథలో "కన్వర్షన్ (అంటే వచ్చినవాళ్ళలో కొన్నవాళ్ళ శాతం) 12 శాతం పెరిగింది" అన్నా, ఠకఠకా టైప్ చేసుకున్నాడు. ఏబీ టెస్ట్ (కొందరికి పాతది, కొందరికి కొత్తది చూపించి పోల్చడం) పెట్టారా, పండగ సేల్ రోజుల్లో కాదు కదా, మీ మార్పు చూడని గ్రూపులో ఎంత పెరిగింది, ఒక్కటంటే ఒక్క ప్రశ్న లేదు! అడిగుంటే చెప్పేవాణ్ణి, అందులో సగం సేల్ పుణ్యమే అని. అడగలేదు, నేను చెప్పలేదు. సిగ్గుగానే ఉంది.

అసలు ఇంటర్వ్యూ అంటే నాలుగో రౌండే. ఆవిడ కథలు అడగలేదు. "పోయిన వారం కన్వర్షన్ 3 శాతం నుంచి 2.3కి పడిపోయింది, యాప్‌లో ఏ మార్పూ చేయలేదు, ఏమై ఉంటుంది?" అంది. కాసేపు పేమెంట్ గేట్‌వే, స్టాక్ అయిపోవడం అంటూ తిరిగి తిరిగి చివరికి దొరికింది. రోజూ వచ్చే 1000 మందిలో 30 మంది కొంటున్నారు, అది 3 శాతం. మార్కెటింగ్ వాళ్ళు కొత్త యాడ్ వేసి ఇంకో 500 మందిని పట్టుకొచ్చారు, వాళ్ళలో కొన్నది 5గురే. ఇప్పుడు 1500కి 35, అంటే 2.3. ఆర్డర్లు పెరిగాయి, శాతం పడింది, ఏదీ విరగలేదు. తర్వాత రిటర్న్స్ ఎలా తగ్గిస్తావ్ అంది, నేను సైజ్ చార్ట్, ఫొటోలో రంగు తేడా, ఒకే చొక్కా రెండు సైజులు ఆర్డర్ పెట్టి ఒకటి వెనక్కి పంపేవాళ్ళు అంటూ ఉత్సాహంగా మొదలెట్టా. మధ్యలో ఆపి, "రిటర్న్ బటన్ దాచేసినా రిటర్న్స్ తగ్గుతాయి కదా, నువ్వు చేసింది మంచి పనో బటన్ దాచడమో నాకెలా తెలుస్తుంది?" అంది. అబ్బ, ఏం ప్రశ్న! వాళ్ళు మళ్ళీ మూణ్ణెల్లలో కొన్నారా లేదా చూడాలి, కస్టమర్ కేర్ కాల్స్ పెరిగాయా చూడాలి, అంటూ ఇద్దరం కలిసి ఆలోచించుకుంటూ పోయాం. గంట ఎలా గడిచిందో తెలీలేదు. ఆ గంటలో నాకు "నేను" అని ఒక్కసారి కూడా అనాల్సిన అవసరం రాలేదు.

ఆ రెండు పేజీల అసైన్‌మెంట్ సంగతి వేరే. ఇదీ అమెజాన్ అరువే, 2004లో ఆ కంపెనీ అధిపతి బెజోస్ మీటింగుల్లో పవర్‌పాయింట్ వద్దు, వాక్యాలుగా రాసి తీసుకురండి అన్నాడు, మీటింగ్ మొదట్లో అందరూ నిశ్శబ్దంగా కూర్చుని ఆ కాగితాలు చదువుతారు, అక్కడుంది కిటుకు, చదువుతారు! నేను ఆదివారం మొత్తం కూర్చుని రాసింది మాత్రం ఐదుగురిలో ఒక్కరూ తెరిచినట్టు లేదు, ఒకాయన "ఓ, అసైన్‌మెంట్ ఇచ్చారా మీకు?" అన్నాడు.

ఇక ప్రిపరేషన్. కథల షీట్ పెట్టుకోవాలంట, పన్నెండు కథలు, ఒక్కోటి ఏ ప్రశ్నకి సరిపోతుందో పక్క కాలమ్‌లో రాసుకోవాలి. పెట్టుకున్నా నేనూ. మేనేజర్‌తో విభేదించిన కథ మాక్ ఇంటర్వ్యూల్లో ఎన్నిసార్లు చెప్పానంటే, ఆ రోజు నిజంగా ఆయన ముందు అంత ధైర్యంగా మాట్లాడానా లేక బయటికొచ్చి లిఫ్ట్ దగ్గర గొణుక్కున్నానా, ఇప్పుడు నాకే డౌటు. ఎదుటివాళ్ళకీ తెలుసు ఇవి బట్టీ పట్టిన కథలని, నాకూ తెలుసు వాళ్ళకి తెలుసని, ఇద్దరం సీరియస్‌గా మొహాలు పెట్టుకుని నాలుగు గంటలు.

రెండు వారాలకి మెయిలొచ్చింది, వేరే క్యాండిడేట్లతో ముందుకెళ్తున్నారంట, ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం వాళ్ళ పాలసీ కాదంట, ఆరు నెలల తర్వాత మళ్ళీ అప్లై చేసుకోవచ్చంట. ఫోన్ చేసి అడిగితే రిక్రూటర్ మాత్రం గొంతు తగ్గించి ఒక ముక్క చెప్పింది, "ఓనర్‌షిప్ సరిగా కనపడలేదన్నారండీ, మేం మేం అన్నారంట ఎక్కువగా."

షీట్ ఇంకా డిలీట్ చేయలేదు లెండి.