టొమాటోమీటర్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ టొమాటోమీటర్ గారికి,

సమీక్షకుల్లో నూటికి ఎందరు ఒక సినిమాని మెచ్చారో లెక్కగట్టి చెప్పడం తమ పని. తమరున్న రాటెన్ టొమాటోస్ అనే సమీక్షల వెబ్‌సైటు పుట్టింది 1998లో. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్ పార్ట్ 2’ విడుదలైంది 1989 నవంబరులో. పుట్టకముందే వచ్చిన సినిమాకి అంత నిబ్బరంగా అరవై చిల్లర మార్కులు వేశారంటే, ఆ సినిమాలో కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే డీలోరియన్ కారు తమ షెడ్డులోనే ఉందన్నమాట. కాలం దాటడానికి ఆ కారుకి కావలసిన గంటకు 88 మైళ్ల వేగం కూడా అక్కర్లేకుండా వెళ్లొస్తున్నారు, శభాష్!

కాకపోతే దారిలో ఎవరెవర్ని ఎక్కించుకుంటున్నారో చూసుకోవడం లేదు. 1989లో సమీక్ష రాసినవాడికి ఊపిరాడని పరుగు కనిపించింది. కథ ముందు 2015కి, అక్కణ్ణుంచి పాడైపోయిన 1985కి, మళ్లీ 1955కి. కారు తయారుచేసిన శాస్త్రవేత్త డాక్ బ్రౌన్ నల్లబల్ల మీద గీత గీసి చెబితే తప్ప అంతుపట్టని వ్యవహారం. తీరా చివర్లో మూడో భాగం ట్రైలర్ చూపించి ఇంటికి పంపేశారు. అది వచ్చింది 1990 మేలో. ఆరు నెలలు సగం కథతో కూర్చున్నవాడు విసుక్కోడా? హీరో ప్రియురాలు జెన్నిఫర్‌ని మొదట్లోనే నిద్రపుచ్చేశారనీ గొణిగాడు. అదీ నిజమే. సీక్వెల్ ఆలోచన లేకుండా మొదటి సినిమా చివర సరదాకి ఆమెను కారెక్కించారు, తర్వాత ఏం చేయాలో దిక్కు తోచలేదు.

డీవీడీలో చూసి రాసినవాడికి మూడో భాగం చేతికందేంత దూరంలో ఉంది. మొదటి సినిమాలో మనం చూసిన డాన్సు రాత్రినే తెర వెనక నుంచి మళ్లీ నడిపించిన పనితనాన్ని తీరిగ్గా మెచ్చుకున్నాడు. (సినిమాకి ప్రాణం ఆ 1955 భాగమే.) ఇక 2015లో రాసినవాళ్లు కొందరు సినిమా వదిలేసి, ఎగిరే కార్లు ఏవని క్యాలెండరుతో తగాదా పడ్డారు. తమరేమో అందర్నీ ఒకే బుట్టలో పోసి, ఒకటే అంకె చెబుతారు.

తూకమైనా సరిగ్గా ఉందా అంటే, అదీ లేదు. అమెరికన్ సమీక్షకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు చుక్కలకు మూడిచ్చి, మొదటి కథలోని బలం ఇందులో లేదనీ అన్నాడు. తమ లెక్కలో అది వట్టి ఎర్ర టొమాటో, అంటే ‘నచ్చింది’ అని ఒక ఓటు. పదిమంది ‘పర్లేదు’ అంటే నూటికి నూరు! ఆరుగురు నెత్తిన పెట్టుకుని నలుగురు ఉమ్మేస్తే అరవై. ఒక్కడు అటు తిరిగితే చాలు, అరవై గీత కిందికి జారి, ‘బాలేదు’ అనే పచ్చమరక.

సినిమాలో విలన్ ముసలి బిఫ్ చెత్తబుట్టలోంచి ఏరుకుని 1955కి పట్టుకెళ్లిన క్రీడల పంచాంగం గుర్తుందా? ఆట మొదలవకముందే ఫలితం తెలిసిపోతుంది. జనం టికెట్ కొనేముందు తమర్ని చూసేదీ అందుకే.

మనవి ఒక్కటే. పాత సినిమాలకి రెండు అంకెలు వేయండి: విడుదలైన ఏడాదిలోపు రాసినవి ఒకటి, తర్వాతవి ఒకటి. సమీక్షల పక్కన తేదీలు ఎలాగూ ఉన్నాయి, కూడిక తమకి కొత్త కాదు.

ఇట్లు,
రెండో భాగం పక్షాన