గజాలను 9తో గుణిస్తే ఇల్లెంతో తేలదు

అద్దె ఇళ్లు వెతికేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. గజాలైతే 9తో, చదరపు మీటర్లయితే 10.76తో గుణించి చదరపు అడుగుల్లోకి (ఎస్సెఫ్టీ) మార్చాలట, ఏ ఇల్లు పెద్దదో ఇట్టే తేలిపోతుందట. గుణకారం తప్పు కాదు. అసలు దేన్ని కొలిచారన్నదే ఎవరూ అడగట్లేదు. ఇలా వినిపించే మూడు మాటలు చూద్దాం.

'150 గజాల ఇల్లంటే 1350 ఎస్సెఫ్టీ, 1200 ఫ్లాట్ కంటే పెద్దది.'

ఆ 150 గజాలు స్థలానివి. 30×45 ప్లాటులో ముందు 5 అడుగులు, మిగతా మూడు వైపులా మూడేసి అడుగులు వదిలారనుకోండి. కట్టడానికి మిగిలేది 24×37, అంటే 888. బయటి గోడలు 9 అంగుళాలవైతే లోపల సుమారు 799. మెట్లు కూడా లోపలే ఉంటే ఇంకో వంద పోతుంది. ఒక పోర్షన్‌లో మీకు దక్కేది 700 అటూ ఇటూ.

ఫ్లాటు 1200 అన్నది మామూలుగా సూపర్ బిల్టప్, అంటే గోడలు, బాల్కనీతో కలిపిన ఫ్లాటు కొలత (బిల్టప్) మీద మెట్లు, లిఫ్టు, వరండాల్లాంటి ఉమ్మడి చోట్ల వాటా కూడా కలిపింది. బిల్టప్ మీద బిల్డరు 25 శాతం కలిపి ఉంటే 1200ను 1.25తో భాగించాలి: 960. చాలామంది 1200లో 25 శాతం తీసేసి 900 అంటారు, అది తప్పు. 960లో బయటి గోడలు, బాల్కనీ పోయినా 800 పైనే మిగలొచ్చు. స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా (2016) చెప్పే కార్పెట్ ఏరియా ఇదే, లోపలి గోడలు మాత్రం అందులో కలుస్తాయి. ఇంతా చేసి, మెయింటెనెన్స్ చాలాచోట్ల 1200 మీదే వసూలు చేస్తారు!

ఫ్లాటు ప్రకటనలో '45 గజాలు' కనిపిస్తే అది యూడీఎస్, స్థలంలో వాటా. అద్దెకుండేవాళ్లకు దాంతో పనే లేదు.

'జర్మనీలో 70 చదరపు మీటర్లంటే 753 ఎస్సెఫ్టీయే, మన వెయ్యి ఫ్లాట్ ముందు చిన్నది.'

అక్కడి నివాస విస్తీర్ణంలో గోడలు కలపరు, బాల్కనీని మామూలుగా నాలుగో వంతే లెక్కిస్తారు. ఏటవాలు కప్పు కింద ఎత్తు మీటరు లోపుంటే సున్నా, రెండు మీటర్ల లోపైతే సగం. మన వెయ్యిని 1.25తో భాగిస్తే 800, గోడలూ బాల్కనీ తీస్తే 700 దరిదాపు. చిన్నది మనదే.

'అంకణం (స్థలాన్ని కొలిచే పాత లెక్క) ఎక్కడైనా 36 చదరపు అడుగులే.'

కాదు, 72గా లెక్కించే చోట్లూ ఉన్నాయి. 20 అంకణాలంటే 720 కావచ్చు, 1440 కావచ్చు. నెల్లూరు, తిరుపతి వైపు వెళ్తే ముందు అది అడగండి.

టేపు పట్టి గదిగదీ గోడ నుంచి గోడకు కొలుచుకోండి. 10 అడుగుల 6 అంగుళాలను కాలిక్యులేటర్లో 10.6 అని కొట్టకండి, అది 10.5.