సవరణ: బ్రెయిన్ హెమరేజ్‌లో టీ3 తగ్గితే థైరాయిడ్ మాత్ర అక్కర్లేదు

మెదడులో రక్తస్రావమైన రోగికి టీ3 (చురుగ్గా పనిచేసే థైరాయిడ్ హార్మోన్) తగ్గితే థైరాక్సిన్ (టీ4 మాత్ర) మొదలుపెట్టాలని ఇంతకుముందు రాశాం. అది తప్పు.

తీవ్రమైన జబ్బులో, థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా విడుదల చేసే టీ4ను టీ3గా మార్చే ఎంజైమ్ మందగిస్తుంది. టీ4 పనికిరాని రివర్స్ టీ3 వైపు మళ్లుతుంది. అందుకే ఒక్క రోజులోనే టీ3 పడిపోతుంది, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చి థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ హార్మోన్ మాత్రం మామూలుగానో కాస్త తక్కువగానో ఉంటుంది. థైరాయిడ్ గ్రంథికి రోగం లేదు. టీ3 ఎంత పడితే జబ్బు అంత తీవ్రమన్న సూచన, అంతే. మాత్ర వేస్తే గుండె వేగం పెరగడం తప్ప లాభం రుజువు కాలేదు. బీపీ పెంచడానికి ఇచ్చే డోపమిన్, స్టెరాయిడ్లు టీఎస్‌హెచ్‌ను ఇంకా దించుతాయి. కోలుకునేటప్పుడు అది తాత్కాలికంగా పెరుగుతుంది కూడా. టీఎస్‌హెచ్ 20 (లీటరుకు మిల్లీయూనిట్లు) దాటితే అసలైన థైరాయిడ్ లోపాన్ని అనుమానించాలి. మిగతావాళ్లకు ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చాలు.

పర్లాకిమిడి, రాయగడ నుంచి బరంపురానికో విశాఖకో రోగిని తరలించేటప్పుడు రెండు ల్యాబుల కాగితాలు చేతికొస్తాయి. ఒకదాంట్లో టీ3 70, మరోదాంట్లో 0.7 అని ఉంటే కంగారొద్దు: మొదటిది డెసిలీటరుకు, రెండోది మిల్లీలీటరుకు నానోగ్రాములు. రెండూ ఒకటే.

ముందునుంచీ థైరాక్సిన్ వాడేవాళ్లు మానకూడదు. మాత్రను నీళ్లలో నూరి ముక్కుగొట్టం ద్వారా ఇవ్వాలి, గంట ముందూ గంట తర్వాతా ఫీడ్ ఆపాలి. బీపీ, సోడియం రెండూ పడిపోతుంటే మాత్రం ముందు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్) చూడాలి. పిట్యూటరీ దెబ్బతిని ఉండొచ్చు.