తలుపు తియ్యని చాకు

ఈ చాకు కొన్న పెద్దమనిషి పేరు చెప్పడం కుదరదు. విజయవాడలో ఉంటాడు, చాకుల సంగతి తనకి తెలిసినంత ఇంకొకరికి తెలియదని అనుకుంటాడు, మొన్న ఆదివారం నుంచి బావమరిది ఫోన్ ఎత్తడం లేదు. ఇంకో ముక్క చెబితే గుర్తుపట్టేస్తారు.

ఆయనకి జేబులో వేసుకు తిరిగే మడత చాకు ఒకటి కావాల్సొచ్చింది. పెద్ద పనేం లేదు. పార్సిల్ టేపు కొయ్యాలి, పురికొస తెంపాలి, ప్రయాణంలో జామకాయో మామిడిపండో ముక్కలు చెయ్యాలి. ఈమాత్రానికి కాళేశ్వరరావు మార్కెట్ వైపు ఏ ఇనప సామాన్ల కొట్లో అడిగినా ఒకటి చేతిలో పెడతారు. కానీ తెలిసినవాడు కదా! కొట్టువాడు ఇచ్చింది పుచ్చుకుంటే ఇన్నాళ్లు చదివిందంతా ఏమైపోవాలి? మూడు వారాలు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు.

ఆ మూడు వారాల్లో ఆయన బీపీ పెంచింది చాకులు కాదు, వాటి కింద రాతలు. ‘సర్జికల్ స్టీల్’ అంటాడొకడు. ఏ సర్జరీ, ఏ స్టీలు? ఉక్కు పేరు చెప్పకుండా చాకు అమ్మడం, ఇంటిపేరు చెప్పకుండా సంబంధం మాట్లాడ్డం లాంటిది. ఇంకొకడు బ్లేడు మీద లేజరుతో అలలు గీసి డమాస్కస్ (పొరలు పొరలుగా అతికిన ఉక్కు) అంటాడు. గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దితే డమాస్కస్ కాస్తా చెరిగిపోతుంది. ఇక అభిప్రాయాలు: ‘ప్యాకింగ్ చాలా బాగుంది, ఐదు స్టార్లు, ఇంకా తెరవలేదు.’ తెరవకపోవడం మీద ఆ రోజు ఆయన చాలా నవ్వాడు. ఆ నవ్వు తగిలినట్టుంది.

అన్యాయంగా మాట్లాడకూడదు, పెద్దమనిషికి విషయం నిజంగానే తెలుసు. బడ్జెట్ రెండు వేలు దాటకూడదనుకున్నాడు. ఉక్కు పేరు చూశాడు. 12సీ27, 14సీ28ఎన్, 8సీఆర్13ఎంఓవీ, వీటిలో ఏదైనా మన పనికి బ్రహ్మాండం. డీ2 పదును చాలాకాలం నిలుపుకుంటుంది గానీ తుప్పు విషయంలో పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, కృష్ణ ఒడ్డు చెమటకి చుక్కలు పడతాయి. గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో 56 నుంచి 60 లోపు ఉండాలి. మరీ మెత్తనైతే నాలుగు అట్టపెట్టెలకే మొండిబారుతుంది. మరీ గట్టిదైతే అంచు పెచ్చులూడుతుంది, ఇంట్లో సాన మీద ఓ పట్టాన పదునెక్కదు. పోనీ వీధిలో సైకిలు చక్రం సానవాడికి ఇద్దామంటే, నిప్పురవ్వలు లేచేలా తిప్పుతాడు, బ్లేడు కొస నీలం రంగుకి తిరుగుతుంది. నీలం వచ్చిందంటే ఆ మేరకి పదును నిలిచే గుణం పోయినట్టే.

బ్లేడు పొడవు 7 నుంచి 8.5 సెంటీమీటర్లు చాలు, వెన్ను మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. మూడు దాటితే పండు తెగదు, చీలుతుంది. ఆయుధాల నిబంధనల్లో చెప్పిన 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు హద్దు దాకా మన జేబు చాకు వెళ్లదు. కాకపోతే గన్నవరంలో విమానం ఎక్కేరోజు అది చేతిసంచిలో ఉందంటే చాకుకి అక్కడే నమస్కారం పెట్టి రావాలి. లగేజీలో వేసుకోవాలి.

తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపే లాకు సంగతి ఇంకా బాగా తెలుసు. లైనర్ లాక్ అయితే తెరిచిన తర్వాత పిడి లోపలి రేకు పక్కకి జరిగి, బ్లేడు మడమకి, అంటే ఇరుసు వైపు కొసకి, అడ్డంగా నిలబడుతుంది. మడమ వెడల్పులో పావు నుంచి సగం దాకా ఆనాలి. అంచున వేలాడుతుంటే ఏదో ఒకరోజు జారి వేళ్ల మీద మూసుకుంటుంది. కొత్త చాకులోనే అవతలి కొసకి చేరి ఉంటే, అరగడానికి ఇక చోటు లేదని అర్థం. చేతికి రాగానే బ్లేడు పట్టుకుని ఊపి చూడాలి. పక్కలకి కదిలితే ఇరుసు మరని టీ6 గానీ టీ8 గానీ టోర్క్స్ (నక్షత్రం మూతి) స్క్రూడ్రైవరుతో వీసమెత్తు బిగిస్తే సరిపోతుంది. పైకీ కిందకీ కదిలితే అది లాకు జబ్బు, మందు లేదు, తిప్పి పంపెయ్యడమే.

ఇన్ని తెలిసిన మనిషి కొన్నదేమిటయ్యా అంటే, లైనర్ లాకూ కాదు, స్టెయిన్‌లెస్సూ కాదు. చెక్క పిడి ఉన్న ఒపినెల్ 8వ నంబరు, అందులోనూ కార్బన్ ఉక్కుది. ఫ్రాన్సులో సవోయ్ కొండల దగ్గర 1890లో పుట్టిన చాకు. బీచ్ చెక్క పిడి, 8.5 సెంటీమీటర్ల పల్చని బ్లేడు, ఒక ఇరుసు, దాని మీద తిప్పే రింగు. అంతే, విప్పడానికి ఒక్క మర కూడా ఉండదు. చాకులు తెలిసినవాళ్లంతా ఏదో ఒకరోజు దీని ప్రేమలో పడతారు, తప్పు చాకుది కాదు. రింగు 1955లో వచ్చింది, తెరిచిన బ్లేడు మూసుకుపోకుండా పట్టుకోవడానికి. 2000 నుంచి అదే రింగు మూసిన చాకుని కూడా తెరుచుకోకుండా బిగిస్తుంది. ఈ చివరి వాక్యం మీరైనా గుర్తుపెట్టుకోండి.

శనివారం రాత్రి పులుపు మామిడికాయ కోసి ముచ్చట తీర్చుకున్నాడు. కార్బన్ ఉక్కు కదా, నల్లబడింది. నల్లబడితే మంచిదే, ఎర్రబడితేనే తుప్పు. అది కూడా తెలుసు. సొన జిగురు వదలడం కోసం సబ్బునీళ్ల గిన్నెలో పడేసి నిద్రపోయాడు. అది మాత్రం ఎందుకు చేశాడో ఆయనకీ తెలియదు.

ఆదివారం కొండపల్లి కోట. రెండు కార్లు, పదకొండు మంది, రెండు డజన్ల బంగినపల్లి, ఒక డజను నూజివీడు చిన్న రసాలు. ‘కత్తిపీట పెట్టమంటారా?’ అని అత్తగారు అడిగితే, ‘ఎందుకండీ, నా దగ్గర చాకుంది’ అన్నాడట. ఆ ‘నా దగ్గర’ అన్నప్పుడు జేబు తట్టుకున్నాడని సాక్షులున్నారు.

కోట గోడ నీడలో దుప్పటి పరిచారు. పళ్లు కడిగారు. పదకొండు మొహాలు ఇటు తిరిగాయి. ఆయన చాకు తీశాడు. బ్లేడు మీద గోరు పట్టే గాడిలో బొటనవేలి గోరు దూర్చి లాగాడు.

రాలేదు.

ఇక్కడ కాస్త ఆగి చెక్క గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయన కూడా ఇక్కడే ఆగి చెక్క గురించి చెప్పాడు. నీళ్లు పీల్చిన చెక్క పొడవుకి పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. పిడిలో బ్లేడు పడుకునే గాడి ఉంటుంది కదా, అటు గోడా ఇటు గోడా ఉబ్బి, మధ్యలో ఉన్న బ్లేడుని పండగ సీజన్లో ఆర్టీసీ బస్సులో నిలబడ్డ ప్రయాణికుణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. ఇదంతా వివరించాడు. వివరణ అయ్యాక కూడా చాకు తెరుచుకోలేదు. పైగా ఏ ఊళ్లో? కొండ కింద పొణికి చెక్కతో బొమ్మలు చేసేవాళ్లు తడి పూర్తిగా పోతేగానీ చెక్కని ముట్టుకోరు. చెక్క మర్మం తెలిసిన ఊరికి రాత్రంతా నానబెట్టిన చెక్క పట్టుకెళ్లాడు మహానుభావుడు.

‘దీనికో పద్ధతుంది’ అన్నాడు. నిజంగానే ఉంది. దాన్ని సవోయ్ దెబ్బ అంటారు. మూసిన చాకుని పట్టుకుని, పిడి చివరని గట్టి చోట ఠక్కున కొడితే, పిడి ఆగినా లోపలి బ్లేడు ఊపుకి కాస్త బయటికి వస్తుంది. ఆ కాస్త పట్టుకుని లాగాలి. గట్టి చోటు కోసం చూశాడు. కోట గోడ ఉంది.

ఠక్.

ఏమీ లేదు.

‘మొదటిసారి రాదు’ అని దుప్పటి వైపు తిరిగి చెప్పాడు.

ఠక్. ఠక్.

‘అల్లుడుగారూ, లోపలెవరైనా ఉన్నారేమో, పేరు పెట్టి పిలవండి’ అన్నారు అత్తగారు. ఆవిడ ఎగతాళికి అనలేదనే ఆయన ఇప్పటికీ నమ్ముతున్నాడు.

ఠక్. ఐదోది, ఆరోది. ఒక్కో దెబ్బకీ ఒక్కో కారణం: చెమట చెయ్యి జారింది, రాయి మెత్తనిది, కోణం తప్పింది. రాయి మెత్తనిదట! శత్రువుల దండుని ఆపిన రాయి! ఈలోగా పిల్లలు చిన్న రసాల బుట్ట దగ్గర చేరారు. రసాలకి చాకుతో పనేముంది? అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమె దగ్గర కొరికి, సొన నాలుగు చుక్కలు పిండి పారేసి, పీల్చడమే. తొమ్మిదో ఠక్కుకి సగం బుట్ట, పన్నెండో ఠక్కుకి టెంకలు.

‘ఏం సార్, గోడ ఏం చేసింది?’

కాపలా మనిషి. కోటని కొట్టకూడదని బోర్డుందని, అది ఇటువైపే ఉందని, ఆయన ఆనుకున్నది దానికేనని చెప్పాడు.

‘కోటని కాదయ్యా, చాకుని కొడుతున్నాను’ అన్నాడు పెద్దమనిషి. నిజమే చెప్పాడు గానీ, ఆ మాట వినేవాళ్లకి ఎలా ఉంటుందో చూసుకోలేదు.

‘కారులో పటకారు ఉంది, తెమ్మంటావా బావా?’ అని బావమరిది. ఇతనిదో పద్ధతి. సాయం చేస్తున్నట్టే ఉంటుంది, గొంతు మాత్రం పక్క కుటుంబం వాళ్లకి కూడా వినపడేంత ఉంటుంది. వాళ్లు కూడా లేచి వచ్చారు.

అప్పుడు బావమరిది కూతురు, రెండో తరగతి, రసం కారుతున్న చేత్తోనే చాకు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘మావయ్యా, ఈ రింగు తిప్పాలేమో?’

రింగు బిగించి ఉంది. శనివారం రాత్రి, నీళ్లలో వేసేముందు, భద్రతగా ఉంటుందని ఆయన చేత్తో ఆయనే బిగించాడు. పదిహేను దెబ్బలు, తాళం వేసిన తలుపుకి.

పాప రింగు తిప్పబోయింది, రాలేదు. ఆయన తిప్పాడు, రుమాలు చుట్టి తిప్పితే వచ్చింది. ఇంకొక్క దెబ్బ కొడితే బ్లేడు అక్షరాలా ఒక బియ్యపుగింజంత బయటికి వచ్చి, ఆగిపోయింది. గోరుతో లాగాడు. వచ్చింది, గోరు.

కాపలా మనిషి జాలిపడి ఖాకీ జేబులోంచి కాగితపు పొట్లం తీశాడు. విప్పితే అందులో రంపం బ్లేడు ముక్క, ఓ పక్క అరగదీసి పదును పెట్టింది, పిడికి సైకిల్ ట్యూబు చుట్టింది. మడవదు, లాకు లేదు, రింగు అసలే లేదు. బంగినపల్లి నిలబెట్టి ఇటో చెంప అటో చెంప కోసి, టెంక పక్కన పెట్టి, రెండు డజన్లూ పది నిమిషాల్లో తేల్చేశాడు. ఉక్కు ఏమిటని పెద్దమనిషి అడగబోయి మానుకున్నాడు. ఇనుము కోసే రంపం ఉక్కు పదును నిలుపుకోవడంలో గట్టిది, వంచితే మాత్రం పుటుక్కున విరుగుతుంది. ఇది కూడా ఆయనకి తెలుసు. చెప్పడానికి నోరు ఖాళీ లేదు, ముక్క పెట్టారు.

ఇంటికొచ్చి చాకుని ఫ్యాను గాలికి పెట్టాడు. ఎండలో పెడితే చెక్క పగులుతుంది. మంగళవారానికి వెన్నలా తెరుచుకుంది. ఇరుసు దగ్గర ఎర్రమరక పట్టింది. సన్నటి గరుకు కాగితంతో తుడిచి, గాడి లోపలి అంచుల్ని బ్లేడు ఇరుక్కోకుండా కొద్దిగా అరగదీసి, ఇరుసు మీద వాజిలైన్ దట్టించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చూపించాడు. కరిగి చెక్కలోకి దిగితే ఇక నీళ్లు అంత తేలిగ్గా దూరవు. కొన్నరోజే చెయ్యాల్సిన పని ఇది. తెల్లారేదాకా కదపకూడదు.

ఫోన్ మోగింది. బావమరిది. ఎత్తలేదు.

‘ఏమండీ, కత్తెర కనపడ్డం లేదు. పాల ప్యాకెట్ కొయ్యాలి, మీ చాకు ఇలా ఇవ్వండి.’

‘తెల్లారేదాకా తియ్యకూడదు.’

వంటింట్లో ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత పళ్లతో ప్యాకెట్ కొరికిన శబ్దం.